మొండయ్య నెత్తురు కాగితం

నస్పూర్

అరుణ్ బాపుకు లింగవ్వ దండం పెట్టి రాసేది. కోపంల ఉన్న గాని, ఉత్తరమన్నంక దండం పెట్టాలె.

ఫోన్ బందు పెట్టి ధర్మపురిల మీ అక్క ఇంట్ల దాక్కుంటే నాకు తెల్వదనుకున్నవా? గోదావరిల మునిగొస్తనని పోయి పన్నెండు రోజులాయె. ఇంకా మునుగుతనే ఉన్నవా? డాక్టరమ్మ ఏమడిగింది? ప్రొస్టేట్ గ్రంథిల క్యాన్సర్ ఉన్నదో లేదో చూద్దాం, జర నెత్తురియ్యుమన్నది. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల దిగినోనివి, గింత సూదికి ఉరుకుతవా? మన కొడుకు అరుణ్ గిట్లనే “ఏం గాదవ్వా” అని కడుపునొప్పి దాసిపెట్టిండు. పోయిండు. ఇంకోపారి ఆ మాట నా చెవుల వడొద్దు.

మండుతున్న లింగవ్వ

మరిచిన: లుంగీలన్ని ఈడనే ఇడిసిపోయినవ్. వదినె చీర కట్టుకున్నవా?


ధర్మపురి

అరుణ్ అవ్వకు మొండయ్య రాసేది. నీ ఉత్తరం వచ్చేదాక ఇక్కడ అందరం క్షేమం.

అక్క దాన్ని పెద్దగ సదివింది. వాడకట్టంత ఇన్నది. సంబురమేనా? పరీక్ష అయిపోయింది. కాగితం దీంట్ల పెట్టిన. ఇంగ్లీషు నాకు సమజ్ కాలే గని పేరు నాదే, ముద్ర గుండ్రంగ పడ్డది. ముద్ర పడ్డదంటే అంత మంచిగున్నట్టే. ఇగ సతాయించకు.

మొండయ్య

మరిచిన: కట్టుకున్నయి బావ లుంగీలు.


నస్పూర్

ఓ ముద్రలోడా!

కాగితం పట్టుకొని డాక్టరమ్మ దగ్గరికి ఉరికిన. నెత్తుర్ల పీఎస్ఏ అనేది నాలుగు లోపట ఉండాల్సింది పదకొండు ఉన్నదట. గంతమాత్రాన క్యాన్సరే అని కాదు, ఇంకా పరీక్షలు చెయ్యాలె, మనిషిని తీసుకరా అన్నది. మనిషేడి? అలిగితే అలుగు, తిడితే తిట్టు, బస్సెక్కు. ఒక్కన్ని పోగొట్టుకున్న. ఇంకొకన్ని పోనియ్య.

లింగవ్వ

మరిచిన: రాకుంటే నేనే వస్త. చెప్పులు రెండు జతలు తెస్త. రెండోది నిన్ను దాసిపెట్టిన మీ బావ లక్ష్మీరాజం అన్నకు.


ధర్మపురి

లింగవ్వా, చెప్పులు ఆపు.

ఆ నెత్తురు నాది కాదు, బావది. బాయిల ఇద్దరం ఒకే షిఫ్టు. నేను పోని నాడు నా మస్టర్ హాజరు ఆయన వేయించేటోడు, ఆయన పోని నాడు నేను. గదే అలవాటున నా పేరు చెప్పి సూది పొడిపిచ్చుకున్నడు. ఇద్దరం నవ్వుకున్నం. నీ ఉత్తరం అక్క సదివినంక ఎవలం నవ్వలే. బావ చాయ్ సుత ముట్టలే. “నా తమ్ముడు పిరికోడు గాబట్కె నా మొగని సంగతి బయటవడ్డది” అని అక్క ఏడుసుకుంటనే నన్ను తిట్టింది.

సూదికి కాదు నా భయం. దవఖానల అరుణ్ పరీక్ష కాగితం నీ చేతుల పెట్టింది నేనే. ఇంకోటి పెట్టే ధైర్యం లేకుండె.

రేపు పొద్దుగాల బస్సుకు నేను, బావ ఇద్దరం వస్తున్నం.

నీ మొండయ్య

మరిచిన: ఇయ్యాల నెత్తురిస్తనని నేనే పోయిన. పేరు చెప్తే, “మొండయ్య మొన్ననే ఇచ్చిపోయిండు గదా, నువ్వెవలు?” అని ఆడ సూది పొడిసే పిల్ల ఎల్లగొట్టింది. రేపు డాక్టరమ్మ ముంగట నేను నేనే అని నువ్వే చెప్పాలె. పెండ్లయి నలభై ఏండ్లాయె, ఒక్కనాడు నా పేరు పలుకలే. రేపు పలుకు.