బోడి చేతికి పసుపు దారం

చింతామణి
8-7-1966

మా అంజనికి, గాజులంగట్లో కూర్చోని నీ పిళ్ళప్ప మామ రాసేదేమంటే,

నీ జాబు వచ్చింది. పోస్టాయన కవరు నా ముందరేసి పోయేటప్పటికి ఒకామె చెయ్యి నా చేతిలో ఉండాది, గాజులు సగం ఎక్కినాయి. ఆమె చెయ్యి అట్లనే పట్టుకోని, ఇంకో చేత్తో కవరు చించి చదువుకున్నా. "ఎవురిదన్నా, పెండ్లాందా" అనిందామె. "కాబోయేదాంది" అన్నా. "అయితే నా చెయ్యి వదిలిపెట్టి చదువుకో" అనింది. అంగడంతా నవ్విరి. నాకేం సిగ్గు? నువ్వు పుట్టిన దినం మా అక్క తిమ్మక్క నిన్ను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఇది నీదేరా అనింది. నాకప్పుడు మీసం గూడా రాలేదు. అప్పుట్నుంచి పేరేసంద్రలో మీ ఇంటికొస్తే చాలు, అల్లుడొచ్చినాడనే అంటాండారు.

నువ్వు రాసిందంతా అర్థమైందని అబద్ధం చెప్పను. కంప్యూటర్ అంటే రూమంత పెద్ద లెక్కల మిషను. అది చేయాల్సిన పనంతా మనం ముందే వరసగా రాసి, అట్టముక్కలకి తూట్లు కొట్టి పెడితే చదువుకోని చేస్తాది. ఇంతవరకు పట్టుకున్నా. ఒక్క అట్ట వరస తప్పితే లెక్కంతా తప్పుతాదని రాసినావు చూడు, అది ఇంకా బాగా పట్టుకున్నా. దారానికి వరసగా గుచ్చిన మన గాజుల మలారం గూడా అంతే, మధ్యలో ఒక్కటి సైజు మారితే గిరాకీ ముందర మానం పోతాది. నువ్వు పంపిన పనికిరాని అట్టల తూట్లలో దారం పోనిచ్చి, ఒక్కో రంగు గాజు కట్టి అంగటి ముందర ఏలాడేసినా. చింతామణిలో కంప్యూటర్ ఉండేది నా అంగట్లోనే.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం పేరేసంద్ర పోయినా. మీ అవ్వ అన్నం మానేసి పడుకోనుండాది. పోయినసారి నువ్వు బెంగళూరు నుంచి బోడి చేతుల్తో బస్సు దిగినావంట. పిళ్ళప్ప బతికుండంగానే పిల్ల గాజులు తీసేసింది, ఈ చదువొద్దు, పిలిపించండి అని ఒకటే ఏడుపు. మీ నాయన గురప్ప బావ గూడా తల్లి మాటకి ఊగుతాండాడు. మిషను రూములో గాజుపెంకు పడితే మిషను చెడిపోతాదని, అందుకే లోపలికి పోయే ఆడపిల్లలందరూ గాజులు తీసి పెట్టాలని నువ్వు చెప్పినా ఆమె తలకెక్కలేదు. గాజుల యాపారం చేసేవాడి ఇంటికి రాబోయే పిల్లకి గాజులొద్దనే చదువేందని అక్క గూడా అనింది. నాకు నవ్వూ వచ్చింది, బాధా వచ్చింది.

మా పనిలో ఒక పద్ధతి ఉండాది. పాత గాజులు తీసి కొత్తవి తొడిగేటప్పుడు ముత్తైదువ చెయ్యి ఒక్క గడియ గూడా బోడిగా ఉండగూడదు. ముందు మణికట్టుకి పసుపు దారం కడతాము, అప్పుడే పాతవి తీస్తాము. దారం ఉంటే గాజులున్నట్లే లెక్క. అవ్వ కాళ్ళ దగ్గర కూర్చోని ఇదే చెప్పినా. "నీ మనవరాలు దారం కట్టుకోనే లోపలికి పోతాదవ్వా, బతికుండాల్సింది నేను గదా, నాకే లేని భయం నీకెందుకు" అన్నా. లేసి మజ్జిగ తాగింది. ఈ కవర్లో దారం పెట్టినా. మిషను దగ్గరికి పోయేటప్పుడు కట్టుకో, బయటికొచ్చి గాజులేసుకో. తీసేటప్పుడు బొటనవేలు లోపలికి మడిచి, చేతికి సబ్బు నురగ పూసి తియ్యి. తొడిగేది ఎవురికైనా వస్తాది, పగలకుండా తీసేదే పని.

ఇంక బాగా చదువు. మురుగమల్ల ఉరుసుకి అంగడి ఎత్తుకోని పోవాల, నిలిపేస్తా.

నీ మామ
పిళ్ళప్ప

*

చింతామణి
19-5-1967

అంజనికి, ఈసారి అంగడి తలుపులు మూసి పిళ్ళప్ప మామ రాస్తాండే సంగతి,

నీ పరీక్ష ఫలితాంశం చూసి తిమ్మక్క ఊరంతా బెల్లం పంచింది. క్లాసులో అందరికంటే పైన నువ్వే. పెద్ద ఫ్యాక్టరీలో జీతాల లెక్కలకి కంప్యూటర్ తెస్తాండారనీ, ప్రోగ్రాం రాసే ఉజ్జోగం ఒకటే ఉండాదనీ, దానికి అర్జి వేసినాననీ రాసినావు. ప్రోగ్రామర్. ఈ మాట నోరు తిరిగేదాక అంగట్లో పొద్దంతా అనుకున్నా.

ఇంక ఇది చదివి కోపం తెచ్చుకోవద్దు. బాగేపల్లి నుంచి మునికృష్ణప్ప వాళ్ళ పెద్దలు పేరేసంద్రకి వచ్చి నిన్ను అడిగినారు. నీతో చదివిన మునికృష్ణప్పే. నీ జాబుల్లో ఆయప్ప పేరు లేని జాబు లేదు. మునికృష్ణప్ప తప్పు పట్టినాడు, నేను దిద్దినా, ఇద్దరమూ కూర్చోని అట్టలు వరస పెట్టినాము, ఇవే గదా. పోయిన మాసంలో సరుకుకి బెంగళూరు వచ్చినప్పుడు మీ మిషను రూము అద్దం బయట నిలబడి చూసినా. నువ్వు నన్ను చూడలేదు. చేతికి దారం ఉండాది. కాగితం మింద వంగి ఆయప్పకేదో చెప్తాండావు, ఆయప్ప తల ఊపుతాండాడు. నీ మొగం అట్ల వెలగంగా నేనెప్పుడూ చూడలేదు. నేను లోపలికొచ్చి ఏం చెప్పేది? ఎర్ర గాజుల రేటు పెరిగిందనా? చెప్పులేసుకోని బస్సెక్కినా.

వచ్చే శుక్రవారం తాంబూలాలంట. మనోళ్ళల్లో మేనమామ నలుగురి ముందర వదిలినా అని నోటితో చెప్పి, తన చేత్తో గాజులు తొడిగితేనే పిల్ల ఇంకో ఇంటికి పోతాది. నేను చెప్తా. తిమ్మక్క నన్ను వెర్రోడా అని తిట్టింది, ఇన్నాళ్ళూ కాచుకోనుండి ఇప్పుడేంరా అని చెంగు నోట్లో కుక్కోని ఏడ్చింది. నేను ఒకటే అన్నా. చింతామణిలో నీ కూతురు చదువుకి పనేముండాదక్కా, నా అంగట్లో కూర్చోని సైజులు లెక్కపెట్టేదా. ఆయప్ప చదువూ అదే, నీ కూతురు మాట అర్థమయ్యేది ఆయప్పకే.

నాకు కష్టంగా లేదని రాయను. దినమంతా పరాయి ఆడోళ్ళ చేతులు పట్టుకునే పని, ఇంటికొచ్చి ఒక చెయ్యి నాదనుకోని పట్టుకుందామని ఉండె. సరే, అయింది. ఒక్క మాట గుర్తు పెట్టుకో అంజనీ. నేను నిన్ను ఆ మిషనుకి వదుల్తాండా. మునికృష్ణప్పకి కాదు.

పిళ్ళప్ప మామ

*

చింతామణి
14-8-1968

అంజనికి, మంట చల్లారక ముందే పిళ్ళప్ప మామ రాస్తాండేది,

గౌరి పండగ వస్తాండాది, పుట్టింటి గాజులు నీ చేత్తోనే రావాల మామా, పచ్చవి పంపించు అని రాసినావు. రాసేటప్పుడు నీ చెయ్యి ఎట్ల ఆడింది?

పోయిన వారం బెంగళూరులో నీ ఇంటికొచ్చినా గదా, తలుపు తీసినావు. ముందర చూసింది నీ చేతులే, నా కండ్లకి అదే అలవాటు. మోచేతిదాకా గాజులు. ఇన్ని గాజులతో ఏ మిషను దగ్గరికి పోతాదీ పిల్ల అనుకున్నా. ఉజ్జోగానికి సెలవా అంటే నువ్వు నీళ్ళు తెస్తానని లోపలికి పోయినావు. మీ అత్త చెప్పింది, ఏదో మంచి సంగతి చెప్పినట్ల. ఫ్యాక్టరీ ఉజ్జోగం ఆర్డరు నీ పేరుకే వచ్చిందంట. నువ్వు చేరనని రాసిచ్చినావంట. నీ తరవాత పేరు నీ మొగునిది, ఆయప్పకి ఇచ్చినారంట. "కోడలు దుడ్లు తెచ్చి మగోడు ఇంట్లో కూర్చుంటే బాగేపల్లిలో తల ఎత్తుకునేదెట్లప్పా" అనింది. నేను నిన్నడిగితే నువ్వేమన్నావు? "ఇద్దరిదీ ఒకటే చదువు, ఒకరు పోతే చాలదా మామా." నా మొగం చూడకుండా అన్నావు. చెప్పేది అక్కడుండే చెంబుతో చెప్పినట్ల చెప్పినావు.

చాలా? నాకేం తెలుసు, గాజులోడిని. సాయంత్రం మునికృష్ణప్ప వచ్చినాడు. మంచోడే, కాదనను. కాఫీ ఇచ్చి మర్యాదగా కూర్చోబెట్టినాడు. సంచిలోంచి కాగితాలు తీసి నీకిచ్చినాడు, నువ్వు వంటింటి గట్టు మింద పెట్టుకోని, పొయ్యి మింద పులుసు ఉడకతాండంగా పెన్సిలుతో దిద్దినావు. "ఈమె ఒకసారి చూస్తే తప్పుండదు మామా, ఆఫీసులో నన్నంతా మెచ్చుకుంటాండారు" అన్నాడు. సిగ్గు పడలా. గర్వంగా చెప్పినాడు, నీ గురించే. మీ అత్త నవ్వింది. నువ్వూ నవ్వినావు. నీ తూట్ల అట్టలు డబ్బాల కింద పరిచి ఉండాయి. నూనె కారి నల్లగయినాయి.

బస్సులో వస్తా ఒకటే అనుకున్నా. వంటింటికే అయితే నా వంటింటికి ఏమొచ్చింది? పులుసు ఉడికేదానికి చింతామణిలో పొయ్యి లేదా? నలుగురి ముందర నిలబడి వదిలినా అని నా నోటితోనే చెప్పినా. ఆ చేతికి గాజులు నేనే తొడిగినా. ఒక్కటి గూడా చిట్లలేదు. పని చెడగొట్టలేదు.

పేరేసంద్రలో దిగి అక్కకి చెప్పినా. "పిల్ల సుఖంగా ఉంటే నీకు మంట, వదులుకున్న ఏడుపురా ఇది" అనింది. ఉండాది, ఆ ఏడుపు గూడా ఉండాది, లేదని రాయను. అయినా అదొక్కటే అయితే నువ్వు చిలకలాగా నవ్వుతా ఉండేది చూసి ఊరుకోనుందును.

మళ్ళా సరుకుకని చెప్పి బెంగళూరు వచ్చి, నీ ఇంటికి రాకుండా మీ కాలేజీ సారుని చూసినా. నన్ను బయటే నిలబెడతాడనుకుంటే లోపలికి పిలిచినాడు. నీ పేరు చెప్తానే, ఆ పిల్ల యాడ ఉండాది, ఎందుకు చేరలేదు అని అడిగినాడు. వంటింట్లో ఉండాది సారూ అనకుండా, ఇంకేదన్నా పనుండాదా అని నేనే అడిగినా. కొత్తగా వచ్చే పిల్లలకి ప్రోగ్రాం నేర్పించేదానికి మనిషి కావాలంట. నువ్వే వచ్చి అడగాల, మేనమామో మొగుడో వస్తే ఇవ్వనని ఖండితంగా అన్నాడు. నాకు ఆ మనిషి నచ్చినాడు.

పచ్చ గాజులు అంగట్లో శానా ఉండాయి. నీకు పంపను. పండగకి మీ అత్తనే కొనివ్వమను. ఈ కవర్లో పసుపు దారం ఉండాది. కట్టుకుంటే ఒక ముక్క రాయి, నేనొచ్చి ఆ గాజులన్నీ పగలకుండా తీస్తా. కట్టుకోకపోతే ఈ దారమే చివరిది, ఇంక నా అంగట్లోంచి నీ ఇంటికి ఏమీ రాదు.

పిళ్ళప్ప

*

బెంగళూరు
26-8-1968

చింతామణి గాజులంగడి పిళ్ళప్ప మామకి, అంజనమ్మ నమస్కారాలు.

నీ జాబు వంటింట్లోనే చదివినా. పులుసు మాడింది.

నేను ఆ ఉజ్జోగం వదిలేసింది తప్పు. నవ్వింది ఇంకా తప్పు. నువ్వు రాసిన దానికి ఎదురు చెప్పను. కానీ ఒకటి నువ్వు రాయలేదు, అది నేను రాస్తా. ఆ తాంబూలాల శుక్రవారం అందరూ నిన్నడిగినారు, వదుల్తావా పిళ్ళప్పా అని. నువ్వు వదిలినా అన్నావు. అమ్మ ఏడ్చింది, నాయన తల దించుకున్నాడు. నేను నీ ముందరే చెయ్యి చాపి కూర్చోనుంటిని. నన్ను ఎవురూ అడగలేదు. నువ్వు గూడా అడగలేదు. అద్దం బయట నుంచి చూసినావు, లోపలికి రాలేదు. ఎవురో గాజుల సంచితో వచ్చి నిలబడి పోయినారని బయటోళ్ళు తరవాత చెప్పిరి, ఆ దినం నేను మునికృష్ణప్పకి చెప్తాండింది మా మామ ఈ అట్టల్ని అంగట్లో ఏలాడేసినాడని. మొగం వెలిగింది అందుకే.

జాబుల్లో ఆయన పేరు రాసింది నిజమే. పనిలో పక్కనుండే మనిషి పేరు రాయకుండా పని గురించి ఎట్ల రాసేది? అది చదివి నా మనసు నీకు నువ్వే లెక్క కట్టుకున్నావు. ఒక అట్ట వరస తప్పింది మామా, తరవాతదంతా తప్పే వచ్చింది. నువ్వు మిషనుకి వదిలితివి, అత్త వంటింటికి తెచ్చుకునె. ఇద్దరూ నా మంచికే చేస్తిరి. నువ్వు వదిలేసిన దానిని నేను, నన్ను పట్టుకో అని ఎట్ల అడుగుదు? ఆ దినం నువ్వు నన్నడిగుంటే నేనేం చెప్పుందునో, అది ఇంక ఎవురికీ చెప్పను.

సారు దగ్గరికి పోయి ఆ నేర్పించే పని ఒప్పుకోనొచ్చినా. ఎవురినీ అడగలేదు, చెప్పి పోయినా. మునికృష్ణప్ప రెండు దినాలుగా మాట్లాడతా లేడు. ఆయన కాగితాలు గట్టు మింద అట్లనే ఉండాయి. నేను ముట్టలేదు.

దారం కట్టుకున్నా. గాజులు తీసేదానికి నువ్వు రావద్దు. సబ్బు పూసి నేనే తీసుకున్నా. కొన్ని పగిలినాయి, చెయ్యి కోసుకుంది. ఊడ్చి పారేసినా.

అంజనమ్మ