అన్ని బ్రౌజర్లలోనూ మసక

ఫిబ్రవరి 3, సోమవారం

ఆఫీసు నుంచి వచ్చి మెయిల్ తెరిచాను. మేం ఊరికే ఇచ్చే కోడ్ లైబ్రరీ మీద పదకొండు కొత్త ఇష్యూలు, అంటే వాడేవాళ్ళ ఫిర్యాదులు. పదిమంది తిట్టారు. ఒకాయన థాంక్స్ చెప్పి మరీ తిట్టాడు.

మా లైబ్రరీ చేసే పని చెప్పడానికి చిన్నదే. ఒకసారి గీసిన బొమ్మ ఏ బ్రౌజర్‌లో తెరిచినా ఒకేలా కనపడాలి, ఎంత పెద్దది చేసినా గీత చెదరకూడదు. వేల సైట్లలో వాడుతున్నారు. నడిపేది మాత్రం ఇద్దరం. నేనూ, కొలబద్దగారూ. ఆ పేరు నేను పెట్టుకున్నదే. గీత అర పిక్సెల్ జరిగినా పట్టేస్తారు మహానుభావుడు. తొమ్మిదేళ్ళయింది. మొహం చూడలేదు, గొంతు వినలేదు. కానీ రోజూ నాతో మాట్లాడే మనిషంటూ ఉంటే ఆయనొక్కరే. అదీ కోడ్ పక్కన కామెంట్లలో.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఏ మార్పు చేసినా రెండో మనిషి తన స్క్రీన్ మీద చూసి "చూశాను" అని రాయాలి. అప్పుడే అది లోపలికి వెళ్తుంది. కామా మార్చినా సరే.

ఆరో వెర్షన్ నెలాఖరుకి విడుదల చెయ్యాలి. ఆయన చూడాల్సిన మార్పులు ఇంకా పద్నాలుగు.

ఫిబ్రవరి 6, గురువారం. ఉదయం 7.10

కొలబద్దగారే ఇష్యూ పెట్టారు. వంపు గీతల అంచులు మసకగా వస్తున్నాయట. ఐదు బ్రౌజర్లలోనూ. ఐదూ తెరిచి చూశాను. నిక్షేపంలా ఉన్నాయి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఆఫీసులో పక్క సీటావిడ లాప్‌టాప్ అడిగి అందులోనూ చూశాను. బాగానే ఉంది. ఎందుకని ఆవిడ అడగలేదు. మూడేళ్ళుగా పక్కపక్కనే కూర్చుంటున్నాం.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆయన ఇంకో మెషీన్ మీద చూశారట. అంతేనట. పాత వెర్షన్ పెట్టి చూశారట. అదీ అంతేనట. మనం ఏళ్ళ తరబడి తప్పు చేస్తున్నామేమో అని రాశారు.

ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగు మార్పులు గాలికొదిలేసి లేని బగ్గు వెంటపడ్డారు. "నా దగ్గర బాగానే ఉంది" అని రాసి ఇష్యూ మూసేశాను. ఈ పనిలో ఉన్నవాళ్ళందరం రాసే మాటే అది. ఆయనకి మాత్రం నేనెప్పుడూ రాయలేదు.

ఫిబ్రవరి 12

జవాబు లేదు.

ఫిబ్రవరి 14

లేదు. నేనే తగ్గి రాయాలా? రాయను.

ఫిబ్రవరి 16, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. వారానికోసారి, నేను ఉన్నానో పోయానో కనుక్కోడానికి. కళ్ళజోళ్ళ షాపులో పని తనది. నా పని గురించి అడగదు, అడిగినా నేను చెప్పను. ఇవాళ ఎందుకో అంతా కక్కేశాను. ఐదు బ్రౌజర్లు, రెండు మెషీన్లు, పాత వెర్షన్, అన్నింట్లోనూ మసకేనట, చాదస్తం కాకపోతే ఏమిటి అన్నాను.

 ఆయన వయసెంత అని అడిగింది అక్క. నాకు తెలీదు.

వాళ్ళ షాపుకీ వస్తారట ఇలాంటివాళ్ళు. అద్దాలు బాగాలేవని పోట్లాడతారట. నాలుగు జతలు మార్చినా అదే మాటంటే ఇంక అద్దాల జోలికి పోరట. ముందు కంటి డాక్టర్ దగ్గరికి పంపిస్తారట.

ఫోన్ పెట్టేశాక ఆ మూసేసిన ఇష్యూ మళ్ళీ చదివాను. తొమ్మిదేళ్ళ మనిషిని ఒక్క ముక్కతో కొట్టిపారేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

సాయంత్రం 4.00

క్షమించమని రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను. కింద నా ఫోన్ నంబర్ పెట్టి పంపాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఆయన ఫోన్ చేశారు. బండ గొంతు అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. సన్నటి గొంతు, మాట మాటకీ చిన్న నవ్వు.

కోపం లేదట. నేను ఇష్యూ మూసేసిన మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్ళారట. నీ దగ్గర బాగుందంటే బాగుండే ఉంటుంది, తేడా నా వైపే అనుకున్నాను అన్నారు. కంటి వెనక పొర పాడైంది. రెండు కళ్ళలోనూ. ఆపరేషన్‌తో పోయేది కాదట, మందులతో ఉన్నంత చూపు కాపాడుకోవడమేనట.

కోడ్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లున్నాయి, బొమ్మ ఎలా ఉందో నేను చెప్తాను, మీరు ఊఁ అంటే చాలు అని బతిమాలాను. లైబ్రరీ కోసం కాదు. ఆయన వెళ్ళిపోతే నాకింకెవరూ లేరు. ఆ మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"చూడనిదాన్ని చూశానని ఎలా రాయనమ్మా?" అన్నారు.

ఫిబ్రవరి 20, గురువారం. ఉదయం 6.45

నిర్వాహకుల జాబితాలోంచి తన పేరు తీసెయ్యమని ఆయన మెయిల్. తీశాను. అదీ మార్పే కదా, రెండో మనిషి చూడాలని సిస్టమ్ ఆపేసింది. రెండో మనిషి ఆయనే.

మార్చింది ఒక్క లైను. అక్షరాలు పెద్దవి చేసుకుని చదివి ఉంటారు. ఇరవై నిమిషాలకి "చూశాను" అని వచ్చింది. స్నానం చెయ్యకుండానే ఆఫీసుకి వెళ్ళిపోతున్నాను.

సాయంత్రం 6.30

మసక ఇష్యూ మళ్ళీ తెరిచాను. సరిచేసేవాళ్ళెవరూ లేరు, తెలుసు. మూసి ఉంటే చూడలేకపోయాను.

మార్చి 5, బుధవారం

రెండో మనిషి కావాలని లైబ్రరీ మొదటి పేజీలో పెట్టాను. నలభైమంది లైక్ కొట్టారు. ఒక్కరూ రాలేదు. పద్నాలుగూ అలాగే ఉన్నాయి.

మార్చి 22, శనివారం

ముప్పై రోజులు కదలిక లేని ఇష్యూ కింద ఒక ప్రోగ్రాం దానంతటదే వచ్చి అడుగుతుంది, ఈ సమస్య ఇంకా ఉందా అని. ఎవరూ పలకకపోతే మూసేస్తుంది.

ఇవాళ మసక ఇష్యూ కింద అడిగింది. ఉంది అని రాశాను.

ఏప్రిల్ 21, సోమవారం

ఉంది.