నిటారుగా వేసిన ముద్ర

క్యోతో,
మార్చి 9.

రసాయన విభాగాధిపతి గారి సముఖమునకు, అదే విభాగములో మూడవ అంతస్తున ఉన్న ఆచార్యుడు ఇసొగాయి తకుజో సిగ్గుపడుచు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పరిశోధక విద్యార్థిని కుజుహార చినామి చదువు మానుకొను పత్రముపై నేను వేసిన ముద్రను రద్దు చేయుట, నా రసాయనమునకు ప్రకటించిన బహుమానమును ఆపివేయుట గురించి.

1. బతికున్న కణములోనికి చొరబడి, అందున్న వేల ప్రొటీన్లలో ఒక్కదానినే పట్టుకొని దానికి వెలుగు అంటించు రసాయనమును నేను తయారు చేసితినని, సాక్ష్యముగా నా వ్యాసములో పన్నెండు ఫొటోలు అచ్చు వేయించితినని తమకు తెలిసినదే. ఆ ఫొటోలు ఏరినది నేనే. బాగా వెలుగుచున్న కణములనే ఏరితిని.

2. గత అక్టోబరు సమావేశములో సదరు కుజుహార లేచి, "సార్, ఈ కణం చచ్చిపోయినట్టుంది. చచ్చినదాంట్లోకి ఏ రంగైనా దూరిపోతుంది కదా?" అనెను. "ముందు నీ కళ్ళద్దాలు మార్చుకో అమ్మాయ్," అంటిని. అందరూ నవ్విరి. ఆపై ఆమెకు మైక్రోస్కోపు వంతు ఇవ్వలేదు.

3. ఫిబ్రవరిలో ఆమె మానుకొను పత్రము తెచ్చెను. కారణము అడగక, ఆమె ముద్ర పక్కన నా పేరు ముద్ర వేసితిని. కారణము నాకు తెలుసు.

4. ఆమె వెళ్ళిన పిదప ఆమె బల్లను నేను సర్దుచుండగా చిన్న సీసా దొరికెను. చచ్చిన కణములోనికి మాత్రమే పోవు ఎర్ర రంగు. పైన ఆమె చేతివ్రాత: "సార్‌కి వీలైనప్పుడు." తేదీ అక్టోబరుది. పాత ప్రయోగమే మళ్ళీ చేసి ఆ రంగు కలిపితిని. వెలుగుచున్నవన్నీ ఎర్రబడినవి. బతికున్నవాటికి నా రసాయనము అంటనే లేదు. అయ్యా, మూడేళ్ళు నేను శవాలను చూసుకుని మురిసిపోయాను. చెప్పిన పిల్లను నలుగురిలో నవ్వులపాలు చేశాను.

5. నిన్న నిషికి బజారులో వాళ్ళమ్మ ఊరగాయల కొట్టుకు వెళ్ళితిని. కుజుహారే కొట్టులో ఉన్నది.

"ముల్లంగా సార్, వంకాయా?"

"నువ్వు చెప్పిందే నిజమమ్మా. అవి చచ్చినవే."

"అద్దాలు మార్చాను సార్. అయినా నాకు అలాగే కనపడుతున్నాయి," అని ముల్లంగి పొట్లం కట్టి చేతిలో పెట్టింది. తిరిగి రమ్మని అడిగే మొహం నాకు లేకపోయింది.

కావున నెలాఖరున ఆ పత్రము అమలులోనికి రాకముందే ఆపి, ఆమె ఒప్పుకొన్నచో వేరొక ఆచార్యుని వద్ద చేర్చుకొనవలెను. నా వ్యాసమును వెనుకకు తీసుకొను లేఖ జతపరచితిని. ఆమె మాట నావలె పెడచెవిని పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఆమెకు అపరాధి,
ఇసొగాయి తకుజో (ముద్ర)

సాక్ష్యము తప్పని ముందే తేల్చినవారు: కుజుహార చినామి

తా.క. ముద్ర వంకరగా పడిందని గుమాస్తా గారు దీన్ని తిప్పి పంపకుండా చూడండి. చిన్నవాళ్ళ ముద్ర పెద్దవాళ్ళ ముద్ర వైపు తలవంచినట్టు ఒరగాలనే మన ఆఫీసు మర్యాద తమకు తెలుసు. వెళ్ళిపోతూ కూడా ఆ పిల్ల మానుకొనే పత్రం మీద తన ముద్రను నా వైపు వంచే వేసింది. పక్కన నాది నిటారుగా ఉంది. ఈ అర్జీ మీద నా ముద్ర ఆమె పేరు వైపు ఒరిగింది. కావాలనే అలా వేశాను.