చిన్న తాడు

నా మిమ్మో, బంగారు తండ్రీ,

కొండరైలు తాడు తెగి నీ తమ్ముడు సబతీనో పోయి నలభై రోజులైంది. ఆ పెట్టెలో బ్రేకు దగ్గరున్నది నేనే కదా అని నిన్ను నువ్వే తప్పుపట్టుకుని గదిలో తలుపేసుకున్నావు. నేను పంపిన గిన్నె అలాగే వెనక్కొస్తోంది.

ఇవాళ ఫాదర్‌గారిని అడిగాను, ఆ కొండరైలుని ఫునికొలారె అని ఎందుకంటారని.

"పాత లాటిన్లో ఫునికులుస్ అంటే చిన్న తాడు తల్లీ. ఇన్నేళ్లు ఎక్కి దిగి, ఇప్పుడా అడిగేది!" అన్నారు.

విన్నావా నాన్నా? పేరు పెట్టినవాళ్లు బ్రేకు పేరు పెట్టలేదు. అంతా తాడు మీదే ఉందని వాళ్లకు తెలుసు. ఆ తాడే తెగింది. నువ్వు తెంపలేదు. బ్రేకు లాగి లాగి తోలు ఊడిన నీ చేతులకు కట్టు కట్టింది నేనే కదా.

ఒక కొడుకుని మట్టిలో పెట్టాను. ఇంకొకణ్ణి పెట్టలేనురా. బంగాళాదుంపలేసి మకరోనీ మళ్లీ పంపుతున్నాను. కడుపునిండా తిను.

అమ్మ