నజీర్ గెంతు

విశాఖపట్నం, పాత ఊరు
జనవరి, 1982

చిట్టీ, నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్ళయింది. పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉండిపోయానని రాద్దామని కాగితం తీశాను. హాస్టల్లో ఒకే దుప్పటి కప్పుకున్నవాళ్ళం, నీ దగ్గర కూడా సాకులెందుకు? సిగ్గేసి రాయలేదు.

మా ఆయన సంగతి నీకు తెలుసు. ఆట మానేసి ఇన్నేళ్ళయినా ఈ ఊళ్ళో బాస్కెట్‌బాల్ అంటే నజీర్ అహ్మదే. దేశం తరఫున ఆడిన మనిషి. ఇప్పుడు పోర్టు ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, మా వీధి చివర సిమెంటు కోర్టులో ఆడపిల్లలకు నేర్పుతారు. మామూలుగా కుడిచేత్తో బంతి వేసేవాళ్ళు రింగు దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఎడమకాలి మీద పైకి లేస్తారు. ఎక్కడైనా అంతే. ఈయన మాత్రం కుడికాలి మీద లేచేవారు. పేపర్లు అదో కొత్త అందమని రాశాయి. ఊరు దానికి నజీర్ గెంతు అని పేరు పెట్టింది. గాజువాక నుంచి భీమిలి దాకా ఏ కోర్టు దగ్గర నిలబడి చూసినా పిల్లలు కుడికాలి మీదే లేస్తారు. వాళ్ళ నాన్నలూ అలాగే లేచారు.

నీకు ఇంతవరకు చెప్పనిది ఇది. అందులో అందమేమీ లేదు. పెళ్ళయిన మరుసటి ఏడు ఆయన ఓడ మెట్ల మీద జారిపడ్డారు. ఎడమ మోకాలు మళ్ళీ మామూలు కాలేదు. జట్టులోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. ఇప్పటికీ తలుపు గడియపెట్టి ఆవనూనె వేడిచేసి రాస్తాను. ఊరు నేర్చుకున్న ఆ గెంతు మా గదిలో నూనె వాసన, అంతే.

పోయిన నెల రాష్ట్ర జట్టు ఎంపిక ఇక్కడే జరిగింది. ఎంపిక చేసే గురునాథరావు గారు మన పిల్లలు ఆడుతుంటే కాసేపు చూసి, "ఊరంతా తప్పుకాలి మీద లేస్తున్నారేమిటమ్మా, ఎవరు నేర్పారు?" అన్నారు. "మా సారు" అంది పైడితల్లి, తలెత్తి. గోపాలపట్నం పిల్ల. నా దగ్గర బి.ఏ. చదువుతోంది. వీళ్ళందరిలోకీ బాగా ఆడేది అదే. ఆ సారు, అదే మా ఆయన, గ్యాలరీలోనే ఉన్నారు. ఒక్క పిల్లనీ తీసుకోలేదు.

ఇంటికొచ్చి ఈయన, "విశాఖ అంటే వాళ్ళకి కుళ్ళు, చాంద్. ఆ పెద్దమనిషికి ఆటేం తెలుసు" అన్నారు. పిల్లల తల్లిదండ్రులు వచ్చి అదే మాట విని, నిజమేనని తలలూపి వెళ్ళారు. నేను వాళ్ళకి టీ కప్పులు అందిస్తూ ఊరుకున్నాను. క్లాసులో 'దానికి ఆధారమేమిటి' అని పిల్లల్ని నిలదీసే చరిత్ర లెక్చరర్ని నేనే.

పైడితల్లిని ఇంకొక్కసారి చూస్తామన్నారు, మార్చిలో. ఆ తర్వాత దాని వయసు దాటిపోతుంది. మళ్ళీ కుడికాలి మీద లేచిందంటే ఇక అంతే. చెబితే ఈయన పేరు పోతుంది, చెప్పకపోతే ఆ పిల్ల ఆట పోతుంది. ఈయనకి తెలియకుండా దానికి చెప్పేద్దామనుకుంటున్నాను. మొగుడి వెనక గోతులు తవ్వడమో, న్యాయమో నాకు తెలియడం లేదు. నీ జవాబు వచ్చేదాకా ఆగితే చెప్పలేనేమోనని కూడా భయంగా ఉంది.

నీ
చాందు


ఫిబ్రవరి, 1982

చిట్టీ,

నీ కార్డు అందేలోపే కోర్టుకి వెళ్ళాను. ఆదివారం పొద్దున్నే. గాలి పోర్టు వైపు నుంచి ఉంటే ఓడలకెత్తే ఇనపరాయి ధూళి మా ఊరంతా పడుతుంది, కోర్టు ఎర్రగా పొడి జల్లినట్టుంటుంది. పిల్లలు అప్పటికే ఆడుతున్నారు. రింగు కింద ఆ ధూళిలో అడుగులు కనబడ్డాయి. పైకి లేచిన చోటల్లా ఎడమపాదమే. నేను చూస్తుండగానే పైడితల్లి పరిగెత్తుకొచ్చి ఎడమకాలి మీద లేచింది. ఎంత తేలిగ్గా లేచిందనుకున్నావు.

నన్ను చూసి అందరూ ఆగిపోయారు.

"మేడమ్, సారుకి సెప్పకండేం" అంది పైడితల్లి.

"ఏమిటే ఇది?"

"ఏటుందండి, ఎడంకాలు. మాకెప్పట్నుంచో వచ్చండి."

"మరి ఆ రోజు?"

"సారు సూత్తన్నారు కదండీ."

జైతూన్ అని మా వీధి పిల్ల, చీపురు పట్టుకుని ఉంది. "సారు మోకాలి సంగతి మా నాన్న ఆడినప్పట్నుంచీ అందరికీ ఎరికేనండి. మీ గుమ్మం దాటితే సాలు, నూనె వాసన" అని నవ్వింది. పైడితల్లి దాన్ని మోచేత్తో పొడిచి, "ఆయన లేవలేని కాలు మీద ఆయన ముందర లేత్తే, ఎక్కిరించినట్టుండదా మేడమ్? నాను లేవను" అంది.

తర్వాత జైతూన్ ఆ అడుగులన్నీ ఊడ్చేసింది. రోజూ ఊడ్చేస్తారట, సారు వచ్చేలోపు. ఈయన నాతో ఎన్నిసార్లు గర్వంగా చెప్పారో, మన పిల్లలు చూడు, చెప్పకుండానే కోర్టు శుభ్రం చేసి పెడతారని.

ఆ రహస్యాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఆ పిల్ల తెలిసి తెలిసి తన చోటు వదులుకుంటే, పాపం, దానికి తెలియదని జాలిపడ్డాను. చెప్పాల్సింది దానికి కాదే, ఈయనకి. అదింకా కష్టం.

చాందు


మార్చి, 1982

చిట్టీ,

ముందు ఫలితం చెప్పేస్తాను. పైడితల్లిని తీసుకున్నారు.

పిల్లలు ఎడమకాలి మీద లేస్తారనీ, మోకాలి సంగతి వాళ్ళకి తెలుసనీ నూనె రాస్తూ ఈయనకి చెప్పాను, ఆయన మొహం చూడక్కర్లేకుండా.

"ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ."

"ఆ గురునాథరావుకో?"

"ఆయనొక్కడికే తెలియదు."

నవ్వారు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నారు. మర్నాటి నుంచి కోర్టుకి వెళ్ళలేదు. పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడితే, జ్వరమని నాచేతే చెప్పించారు. ఈయన్ని బతికుండగానే ఆటలోంచి తీసేశానా అని నాలో నేనే కుమిలిపోయాను.

ఎంపిక రోజు పొద్దున చూస్తే ఇస్త్రీ ప్యాంటు వేసుకుని ఉన్నారు. "మీరొస్తే అది మళ్ళీ కుడికాలే" అన్నాను, బతిమాలుతున్నట్టు. "రాకపోతే అలిగాననుకుంటుంది. అలిగినవాడి కోసం కూడా కుడికాలే" అన్నారు.

గ్యాలరీలో ముందు వరసలో కూర్చున్నాం. పైడితల్లి బంతి పట్టుకుని ఎప్పటిలాగే ఈయన వైపు చూసింది. ఈయన లేచి, కోర్టుకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చున్నారు. ఆ జనంలో సగంమంది ఈయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. అందరూ చూస్తుండగా ప్యాంటు మోకాలి పైదాకా మడిచారు. వాచి, వంకరపోయిన ఆ మోకాలిని నేను తప్ప ఎవరూ చూసి ఉండరు.

"నూనె తెచ్చావా?"

నా చేతిసంచిలో ఎప్పుడూ ఉంటుంది చిట్టీ. ఇన్నేళ్ళలో నలుగురిలో ఒక్కసారి కూడా బయటికి తీయలేదు. మూత తీసి రాయడం మొదలుపెట్టాను. ఈయన వెనక బంతి చప్పుడు మొదలైంది, దగ్గరికొచ్చింది, ఆగింది.

"ఏ కాలు?" అన్నారు, తిరక్కుండానే.

"ఎడమ."

బంతి రింగులోంచి జారిన చప్పుడు ఈయన విన్నారు. "ఎలా లేచింది?"

"పెళ్ళయిన కొత్తలో మీరు లేచినట్టు."

ఆయన కళ్ళు మూసుకుని, "సరిగా రాయి" అన్నారు. నూనె వాసన గ్యాలరీ అంతా అలుముకుంది. ఎవరూ మొహం తిప్పుకోలేదు. నేనొక్కదాన్నే తల వంచుకుని రాస్తూ ఉన్నాను.

నీ చాందు