పదికి మూడు మార్కులు

ఇంటి దగ్గర,
మార్చి 3

నా నిఖితమ్మకు,

నువ్వు దిద్ది పంపిన జవాబు అందింది. పదికి మూడు వేశావు. తక్కువ వేశావని నొచ్చుకోలేదు. "పంచాయతీల్లో మహిళా రిజర్వేషన్ వల్ల నిజంగా అధికారం మారిందా? విశ్లేషించండి" అన్నది ప్రశ్న. చట్టం ఎప్పుడు వచ్చింది, ఎంత శాతం, సభ్యులు ఎందరు అని ఓపెన్ ఇంటర్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించాను. కింద నువ్వు ఎర్ర సిరాతో రాశావు: "అమ్మా, ఇది వర్ణన, విశ్లేషణ కాదు. ఐదేళ్లు సర్పంచ్‌గా ఉన్న మనిషివి, నీ అనుభవం నుంచి ఒక్క ఉదాహరణ కూడా లేదేంది?"

ఫోన్‌లో నువ్వు అదే అడిగినప్పుడు మీ బాపు పక్కనే ఉన్నాడు. అందుకే కాగితం మీద చెబుతున్నాను. ఉదాహరణ ఎందుకు లేదంటే, ఆ ఐదేళ్లలో నేను లేను. రిజిస్టర్ ఇంటికే వచ్చేది. మీ బాపు ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ సంతకం పెట్టేదాన్ని. గ్రామసభకు ఆయనే పోయేవాడు. సర్పంచ్ సాబ్ అని ఊరు పిలిచింది కూడా ఆయన్నే. నాకు కోపం కూడా రాలేదు.

మూడో ఏడు సత్తవ్వ వాళ్ల వాడకు బోరు మంజూరైంది. బోరు చోటు తీర్మానిస్తూ పంచాయతీలో ఠరావు జరిగింది. బోరు మాత్రం మన మిర్చి చేను గట్టున పడింది. మనం ఇంట్లో తెలుగు మాట్లాడినా రాష్ట్రం మరాఠీది, రిజిస్టర్ కూడా మరాఠీలోనే ఉంది, చూడకుండానే సంతకం పెట్టాను. సత్తవ్వ నీకు తెలుసు కదా. మిర్చి ఏరడానికి నది అవతలికి పోయినప్పుడల్లా నా పక్క సాలు ఆమెదే. ఆ రోజు ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చి మన వాకిట్లో నిలబడింది.

"బీరమ్మా, గా కాయిదం మీద నీ సంతకమేనట గదా?" అంది.

"అవునక్కా" అన్నాను.

ఖాళీ బిందెతోనే వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ నాతో మాట్లాడలేదు. నేను లోపలికి వచ్చి పొయ్యి మీది పప్పు దించాను. ఏడుపు రాలేదు. ఆరేళ్లయింది, ఇప్పటికీ రాదు. తలుచుకుంటే మొద్దుబారిన చేతిని పట్టుకున్నట్టు ఉంటుంది, అంతే.

ఇది రాస్తే మార్కులొస్తాయా? జవాబులో పెట్టి పంపుతున్నాను, మళ్లీ దిద్దు. రాబోయే ఎన్నికలకు మన ఊరి సీటు తిరిగి ఆడవాళ్లకే వచ్చింది. మళ్లీ నన్నే నిలబెడతానంటున్నాడు మీ బాపు.

మీ అమ్మ,
బీరమ్మ


చామోర్షి,
మార్చి 15

అమ్మకు,

నీ ఉత్తరం కాలేజీలో రెండు పీరియడ్ల మధ్య చదివాను. ఆ తర్వాత క్లాసులో ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. నీకు ఏం రాయాలో తెలియక, నాకు తెలిసిన పనే చేస్తున్నాను. పదికి ఐదు.

"ఠరావు జరిగింది" అని రాశావు. ఠరావు దానంతటది జరగదు. ఎవరు చేశారు? "బోరు పడింది" అన్నావు. ఎవరు వేయించారు? ప్రతి వాక్యంలో మనిషిని పెట్టు, సగం విశ్లేషణ అక్కడే అయిపోతుంది. తర్వాత ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అడుగు. నువ్వు నష్టం రాసి లాభం వదిలేశావు. చివరికి, నీ మాటను కాదనేవాడు ఏమంటాడో నువ్వే రాసి, దానికి బదులు చెప్పు. అది లేని జవాబుకు నేను ఏడు మించి వేయను, మా పిల్లలకైనా నీకైనా.

బాపుతో నేను మాట్లాడనా?

నీ నిఖిత


ఇంటి దగ్గర,
ఏప్రిల్ 22

బిడ్డా,

పరీక్ష అయిపోయింది. ప్రశ్న కాస్త మారి వచ్చింది, కానీ అడిగింది అదే. నువ్వు చెప్పినట్టే రాశాను. "భర్త చోటు మార్చమన్నాడు. గ్రామసేవక్ రిజిస్టర్‌లో రాశాడు. సర్పంచ్ సంతకం పెట్టింది."

లాభం ఎవరికి అన్న దగ్గర పెన్ను ఆగింది. ఆ ఏడు నీళ్లుండి మిర్చి విరగకాసింది. నువ్వు గడ్చిరోలిలో బి.ఏ.లో చేరింది ఆ పంటతోనే. లాభం సర్పంచ్ కూతురికి అని రాశాను.

ఇక కాదనేవాడు. "ఆమెకు మరాఠీ చదవరాదా?" అంటాడు వాడు. వచ్చు. నీకు రెండో తరగతి పాఠాలు చెప్పడానికి నీ పుస్తకంలోనే నేర్చుకున్నాను. నీకు తెలుసు, అయినా ఆ మాట నువ్వు అడగలేదు. చూడకుండా పెట్టానని రాసింది అబద్ధం, నిఖితా. చదివాను. "ఐలన్న చేను గట్టు" అని మీ బాపు పేరు కనబడ్డ చోట ఆగి రెండోసారి కూడా చదివాను. తర్వాత సంతకం పెట్టాను. ఐదేళ్లలో నేను లేనని చెప్పుకుంటూ వచ్చాను. ఆ ఒక్క నిమిషం మాత్రం ఉన్నాను.

కాదనేవాడికి బదులు రాయలేకపోయాను. గంట కొట్టేశారు.

బస్సు దిగి నేరుగా సత్తవ్వ ఇంటికి పోయాను. మిర్చికి తొడిమలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. తొడిమలు తీస్తూనే అంది:

"ఎరుకే. నీకు సదువొస్తదని ఊరందరికి ఎరుకే. సదివే పెట్టినవా అని అడుగుదామనే ఆ పొద్దు వచ్చిన. నీ మొకం జూసి అడగలే."

"ఇప్పుడేం జెయ్యమంటవక్కా?"

"నన్నేం అడుగుతవ్? మా వాడకు నీళ్లు గావాలె."

అంతే అంది. నేనూ ఓ గుప్పెడు కాయలు తీసుకుని తొడిమలు తీశాను. వద్దనలేదు.

వచ్చే నెల ఒకటిన గ్రామసభ. నేనే లేచి జరిగింది చెబుతానని, గట్టు మీది బోరు నుంచి వాళ్ల వాడకు పైపు వేయాలని అడుగుతానని మీ బాపుకు చెప్పాను. "ఊర్ల నా ఇజ్జత్ తీస్తవా?" అన్నాడు. "నాది గూడ పోతది" అన్నాను. ఇక ఎన్నికల్లో నన్ను నిలబెట్టేది లేదన్నాడు. మూడు రోజులైంది మాట్లాడి. నాకు భయమూ లేదు, సంతోషమూ లేదు.

లాభం ఎవరికి అని సభలో అడిగితే నీ పేరు చెబుతాను. అందుకే ముందే రాస్తున్నాను. ఆ రోజు వచ్చి నా పక్కన కూర్చుంటే మంచిదే. రాకపోయినా చెబుతాను.

అమ్మ