నోరు ఒక దిక్కు, మాట ఒక దిక్కు

మిర్యాలగూడ, 2010 మే, గురువారం

నిడమనూరు సైదమ్మ మళ్లీ స్టూడియోకి వచ్చింది. ఆమె పెళ్లి క్యాసెట్‌ని నేనే డీవీడీ చేసి ఇచ్చాను. అప్పగింతలప్పుడు తల్లి మాట్లాడిన నాలుగు మాటలు అందులోనే ఉన్నాయి. ఆ తల్లి పోయినేడు చనిపోయింది.

"అన్నా, మా అమ్మ నోరు ఒక దిక్కు, మాట ఒక దిక్కు పోతున్నయి. ఎల్లుండి సంవత్సరీకం, చుట్టాలంత సూస్తరు. జర మంచిగ చేసియ్యి" అంది.

వీడియోలో బొమ్మకీ మాటకీ పొత్తు కుదర్చడానికి నేను వాడే ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ ఎలా వాడాలో చెప్పే నాథుడు లేడు! పొద్దుటి నుంచి నెట్‌లో వెతికాను. ఒక పేజీ ఇంకో పేజీ చూడమంటుంది. అక్కడికి పోతే "ఈ భాగం ఇంకా రాయలేదు" అని ఉంది. దాన్ని వాడేవాళ్ల ఫోరంలో అడిగితే ఒకాయన "మాన్యువల్ చదువుకో" అన్నాడు. ఏ మాన్యువల్, నాయనా? తెలిసినవాడికి రెండు ముక్కలు రాయడానికి ఏం రోగం?

నా తిట్లు విని మా ఆవిడ వచ్చింది. "నిరుడు గూడ గిట్లనే మొత్తుకున్నవ్ గదా. అప్పుడు ఎట్ల చేసినవ్?"

నిజమే. నిరుటి డైరీ తీశాను. పేజీ దొరికింది. నా చేతిరాతే.

"మొత్తానికి నోరూ మాటా కలిశాయి. హమ్మయ్య."

ఎలా కలిశాయో ఒక్క ముక్క రాయలేదు.